ముడి చూసి పోసిన మందు

మదార్‌గారు కుర్చీలో కూర్చోగా నేను చూసింది ఐదేళ్లలో నాలుగైదు సార్లకు మించదు. డిస్పెన్సరీలో కాంపౌండరుకని ఒక కుర్చీ ఉండేది. ఆయన దాని మీద దూది కట్టలు పెట్టేవారు. తాను మాత్రం మందుల బల్ల వెనక ఈ చివర నుంచి ఆ చివరకు తిరుగుతూ, కడిగిన సీసానే మళ్లీ కడుగుతూ, బిగించిన మూతనే మళ్లీ బిగిస్తూ ఉండేవారు. చూసేవాళ్లకు కళ్లు తిరిగేవి.

"ఒక్క నిమిషం కూర్చోండి మహానుభావా! మీరు తిరుగుతుంటే నా కాళ్లు నొప్పెడుతున్నాయి" అని విసుక్కునేదాన్ని. నాకు మొదటినుంచీ ఓపిక తక్కువ. ఆయన నవ్వి, "కూర్చుంటే ఏదో మరిచిపోయినట్టు ఉంటుందండీ సత్యవేణమ్మగారూ" అనేవారు.

కొల్లేటి గట్టున జిల్లా బోర్డు డబ్బుతో నడిచే లోకల్ ఫండు డిస్పెన్సరీ అది. ఊరి పేరు రాయను. అక్కడ పనిచేసినవాళ్ల పిల్లలు ఇంకా ఉన్నారు, నాకెందుకొచ్చిన గొడవ. డాక్టరు ఈశ్వరప్రసాద్‌గారు, కాంపౌండరు మదార్‌గారు, పురుళ్లు పోయడానికి నేను. సర్కారు కాగితాల్లో నేను మిడ్‌వైఫుని, ఊళ్లో నర్సమ్మని. పంతొమ్మిది వందల ముప్పై ఒకటిలో చేరాను. ఇప్పుడు చెప్పబోయేది ముప్పై ఆరు నాటి సంగతి.

మదార్‌గారిది ఏలూరు. తండ్రి, అన్నలు, మేనమామలు అంతా తివాచీలు నేసేవారే. ఈయన మగ్గం ముందు కుదురుగా కూర్చోలేక పదిహేనో ఏట ఒక ఆసుపత్రిలో సీసాలు కడిగే పనికి చేరారట. అక్కడే మందులు కలపడం నేర్చుకుని, కాంపౌండరు పరీక్ష ప్యాసయ్యారు. నేత వదిలినా, ముడి చూస్తే అది ఎవరి చేతిదో చెప్పే చూపు మాత్రం ఆయన్ను వదల్లేదు. ఆ చూపే ఆయన కొంప ముంచింది.

ఆ రోజుల్లో మందుకు ఎవరి సీసా వాళ్లే తెచ్చుకోవాలి. తాగే మందైతే గంట్లు కత్తిరించిన కాగితం పట్టీని సీసాకు నిలువునా అంటించేవారు. ఒక్కో గంటు ఒక్కో మోతాదు. పూతమందైతే ఎర్ర చీటీ. ఊళ్లోవాళ్లకు ఇది సరిపోయేది. కొల్లేటి లంకలో వాళ్ల సంగతి వేరు. అక్కడికి పోవాలంటే దోనె తప్ప దారి లేదు, దోనె అడుగున ఎప్పుడూ బెత్తెడు నీళ్లుంటాయి. గంజితో అంటించిన పట్టీలూ చీటీలూ లంక చేరేసరికి ఊడి నీళ్లలో తేలేవి. ఊడకపోయినా చదివేవాళ్లెవరు?

అందుకని లంకవాళ్లు తమ పద్ధతి ఒకటి పెట్టుకున్నారు. కొల్లేట్లో వలలు పక్కపక్కన వేస్తారు. గాలి తిరిగితే అన్నీ కలిసిపోతాయి. ఎవరి వల ఎవరిదో తెలియడానికి వల అంచు తాడుకు ఒక్కో ఇంటివాళ్లు ఒక్కో రకం ముడి వేస్తారు. తాత వేసిన ముడే మనవడూ వేస్తాడు. ఆ ముడే వేసిన తాడు ముక్కను సీసా మెడకు కట్టి పంపేవారు. లంకకంతటికీ పెద్దింటయ్య ఒక్కడే సోమవారం, గురువారం ఆ సీసాలు బుట్టలో పెట్టుకుని దోనెలో వచ్చి, మందు పోయించుకుని వెళ్లేవాడు. యాభై దాటిన మనిషి. మాట తక్కువ, చెప్పిన మాట సూటిగా చెప్పేవాడు. మదార్‌గారికి నలభై ఇళ్ల ముడులూ కంఠతా వచ్చు. పెద్దింటయ్య నోరు తెరవక ముందే, "ఇది వెంకటనరసమ్మగారి దగ్గుమందు, ఇది ఫలానావాళ్ల చలిజ్వరం" అని చకచకా సీసాలు వరసగా పెట్టేసేవారు. ఆ పని చూడముచ్చటగా ఉండేది. ఆయనకూ అందులో కాస్త గర్వం ఉండేది, లేదని అబద్ధం చెప్పను.

విషపు పూతమందులు గరుకు పలకల నీలం సీసాల్లో ఇవ్వాలని రూలు. చీకట్లో తడిమినా ఇది తాగేది కాదని చేతికి తెలియాలి. డాక్టరుగారు మూడుసార్లు కాగితం పెట్టారు. ఏడాదిగా ఒక్క నీలం సీసా రాలేదు. దాంతో కీళ్లనొప్పులకు పైన రాసుకునే లినిమెంటు, లోపలికి పోతే విషం, అది కూడా ఇంటి సీసాల్లోనే పోసి పంపుతున్నాం. ఇది తప్పని మా ముగ్గురికీ తెలుసు.

లంకలో జగ్గయ్య అని ఒకడున్నాడు, మోకాళ్లనొప్పుల మనిషి. ఆ ఏడు శ్రావణంలో అతనూ, తమ్ముడూ వేరు పడ్డారు. పొయ్యి వేరు, వల వేరు. ముడి మాత్రం తండ్రిది కాబట్టి ఇద్దరూ వదులుకోలేదు. తమ్ముడు తన వలకు ముడి పక్కన ఒక గుడ్డపీలిక కట్టుకున్నాడు. వలకు కట్టుకున్నాడు, సీసాకు కట్టాలని ఎవరికీ తోచలేదు. తమ్ముడి భార్య ఆదిలక్ష్మి పది రోజుల బాలింత. ఆ పురుడు నేనే పోశాను. ఆమెకు జ్వరం తగిలితే డాక్టరుగారు మిక్చరు రాశారు.

భాద్రపదంలో ఒక గురువారం పెద్దింటయ్య బుట్టతో వచ్చాడు. వరండా నిండా చలిజ్వరం జనం. నేను పక్కన గుడ్డలు మడత పెడుతున్నాను. అతను రెండు సీసాలు విడిగా తీసి బల్ల మీద పెట్టాడు.

"మదార్‌గారండీ, ఈ రెండూ ఒకటే ముడండి. వేరుపడ్డారు కదండీ. పొడుగు సీసా పెద్దోడిది, పొట్టి సీసా చిన్నోడి పెళ్లానిదండి" అన్నాడు.

"ఆఁ, తెలిసింది పెద్దింటయ్యా" అన్నారు మదార్‌గారు. ఆ మాట నేను విన్నాను. విన్నానని ఇక్కడే రాసి పెడుతున్నాను.

తర్వాత ఆయన చేతులు ఎప్పట్లాగే వాటంతట అవే కదిలాయి. ముడి చూశారు, జగ్గయ్య ఇంటి ముడి. చేతికి ముందు అందింది పొట్టి సీసా. అందులో లినిమెంటు పోశారు, రెండోదాంట్లో మిక్చరు పోశారు. పట్టీ ఒకదానికి, ఎర్ర చీటీ ఒకదానికి అంటించారు. బుట్ట వెళ్లిపోయింది. దోనెలో రెండూ ఊడిపోయాయి.

మర్నాడు పొద్దెక్కాక గట్టు మీద కేకలు వినిపించాయి. పెద్దింటయ్య దోనెలో ఆదిలక్ష్మిని వేసుకుని గెడ విరిగేలా తోసుకొచ్చాడు. ముఖం ఎర్రగా కందిపోయి, నోరు ఎండిపోయి, గాలిలో ఏవో దారాలు ఏరుతున్నట్టు చేతులు ఆడిస్తోంది. కళ్లపాపలు ఇంతింతై ఉన్నాయి. నన్ను చూసి, చచ్చిపోయిన వాళ్లమ్మ పేరు పెట్టి పిలిచింది.

"మందు నోట్లో పోసుకుని, మంటని ఉమ్మేసిందండి. కొంచెం లోపలికి పోయిందండి" అంటూ పెద్దింటయ్య సీసా చూపించాడు. పొట్టి సీసా. మదార్‌గారు మూత తీసి వాసన చూశారు. ఆ ముఖం మళ్లీ చూడాలని నాకు లేదు.

డాక్టరుగారు పనిలో గట్టివారు, ఆ మాట ఒప్పుకోవాలి. గొట్టం వేసి, పర్మాంగనేటు కలిపిన గులాబీరంగు నీళ్లతో పొట్ట కడిగారు. నేను పట్టుకున్నాను, మదార్‌గారు నీళ్లు పోశారు. మూడు రోజులు ఆమె మంచం పక్క నుంచి మదార్‌గారు కదల్లేదు. బిడ్డకు లంకలో ఇంకో బాలింత పాలిచ్చింది. మూడో రోజు సాయంత్రం ఆదిలక్ష్మి నన్ను నర్సమ్మగారూ అని పిలిచింది. నేను పెరట్లోకి వెళ్లి ఏడ్చి వచ్చాను.

డిస్పెన్సరీలో విశేషాల పుస్తకం ఒకటుంటుంది. ఏ ప్రమాదం జరిగినా అందులో రాసి, నకలు ఏలూరులో జిల్లా ఆఫీసుకు పంపాలి. డాక్టరుగారు అందులో ఇంగ్లీషులో నాలుగు ముక్కలు రాశారు. సీసాలు తెచ్చిన మనిషి అజాగ్రత్తగా రోగుల సీసాలు తారుమారు చేశాడని వాటి సారాంశం. ఆదిలక్ష్మి ఇంటివాళ్లకూ అదే మాట చెప్పారు.

"డాక్టరుగారండీ, అది అలా జరగలేదండి. తప్పు నాది" అన్నారు మదార్‌గారు.

"తెలుసు" అన్నారు డాక్టరుగారు. "అలా రాస్తే నిన్ను తీసేస్తారు. తీసేస్తే నీ ఇల్లు ఏమవుతుంది? ఇక్కడికి ఇంకో కాంపౌండరు ఎప్పుడొస్తాడు? ఈ జ్వరాల్లో మందు ఎవడు పోస్తాడు? మనిషి బతికిందిగా. ఇంక ఊరుకో."

ఆయన చెప్పిందీ నిజమే. నేనూ ఊరుకోమనే అన్నాను. అప్పటికి అది నాకు సబబుగానే తోచింది.

ఆదిలక్ష్మి ఇంటికి వెళ్లే రోజు ఆమె మొగుడు రెండు కొర్రమీనులు తెచ్చి మదార్‌గారి బల్ల మీద పెట్టాడు. ఆదిలక్ష్మి ఆయన కాళ్లకు దణ్ణం పెట్టింది. "మీరు లేకపోతే నేనూ నా బిడ్డా ఏమైపోయేవాళ్లమోనండి. ఆ పెద్దింటయ్య చేసిన పనికి..." అంటూ కళ్లు తుడుచుకుంది. మదార్‌గారు వెనక్కి జరిగి గోడకు ఆనుకున్నారు. ఆ చేపలు ఆయన ఇంటికి తీసుకెళ్లలేదు, నాకిచ్చారు. నేను తిన్నాను. సిగ్గుగానే ఉంది, కాని తిన్నాను.

లంక పెద్దలు కూర్చుని పెద్దింటయ్యకు శిక్ష వేశారు. అతని దోనె ఎవరూ ఎక్కకూడదు. అతని వల ఎవరి వల పక్కనా పడకూడదు. కొల్లేట్లో బతికేవాడికి అంతకంటే పెద్ద శిక్ష ఏం కావాలి? ఒంటరిగా వల వేసుకోవాలంటే నడినీళ్లలోకి పోవాలి. ఆ వయసులో అది చావుతో సమానం.

తర్వాతి సోమవారం బుట్ట లేకుండా పెద్దింటయ్య ఒక్కడే వచ్చాడు. కోపం తెచ్చుకుని ఉంటే బాగుండేది. బల్ల ముందు నిలబడి, మెల్లగా అడిగాడు.

"మదార్‌గారండీ, నేను చెప్పానా, చెప్పలేదా అండి? మా పెద్దోళ్లు నువ్వు చెప్పుండవు అంటున్నారండి. రోజూ అదే మాట వింటుంటే నాకే అనుమానమొస్తందండి. చెప్పానా?"

పక్కగదిలో డాక్టరుగారున్నారు. మదార్‌గారి చేతులు బిగించిన మూతనే మళ్లీ బిగించాయి. నేనూ అక్కడే ఉన్నాను. నాకూ నోరుంది. పెద్దింటయ్య తలపాగా సర్దుకుని వెళ్లిపోయాడు.

ఆ వారం మదార్‌గారి తీరు చూడలేకపోయాను. ఒక మందు కొలిచి, పారబోసి, మళ్లీ కొలిచేవారు. ప్రతి సీసా మూడుసార్లు వాసన చూసేవారు. వరండాలో జనం గొణుగుతున్నా వినిపించుకునేవారు కాదు. వాకిట్లోకి వెళ్లి కొల్లేరు వైపు చూసి, లోపలికి వచ్చి, మళ్లీ వెళ్లేవారు. అన్నం కారియరు మూత తీయకుండానే ఇంటికి తిరిగి వెళ్లేది. వాళ్లావిడ గుల్షన్ నా దగ్గరకు వచ్చి, "ఏమైందమ్మా ఈయనకి? నిలబడే తింటున్నారు, నిలబడే చెయ్యి కడుగుతున్నారు" అని అడిగింది. ఏం చెప్పను? నాకూ లోపల కుంపటి పెట్టినట్టే ఉంది. ఆయన మీద కోపం, డాక్టరుగారి మీద కోపం, అన్నిటికంటే ఎక్కువగా నా మీద నాకే కోపం. ఆ కోపమంతా పురిటి ఆడవాళ్ల మీద అరిచి తీర్చుకున్నాను.

శనివారం మధ్యాహ్నం డాక్టరుగారు భోజనానికి వెళ్లగానే మదార్‌గారు విశేషాల పుస్తకం తీసి, ఆ నాలుగు ఇంగ్లీషు ముక్కల కింద తెలుగులో రాశారు. ఇంగ్లీషు ఆయనకు మందుల పేర్ల వరకే వచ్చు. రాసి నాకు చూపించారు.

"పైన వ్రాసినది సరి కాదు. పెద్దింటయ్య రెండు సీసాలును వేరని స్పష్టముగా చెప్పెను. నేను వింటిని. తెలిసినదంటిని. పోయునప్పుడు అలవాటు చొప్పున ముడిని మాత్రమే చూచితిని. ఆదిలక్ష్మి యను బాలింత ప్రాణాపాయమునకు నా చేతి పొరపాటే కారణము. నీలపు సీసాలు ఏడాదిగా లేవు. ముడులను నమ్మి మందు పోయుట ఇకమీదట మానవలెను. ఇట్లు, మదార్, కాంపౌండరు."

"నన్ను సాక్షిగా రాయలేదే?" అన్నాను, తెగువ ఉన్నదానిలాగా.

"మీ ఉద్యోగం మీదండి. నేనెందుకు రాస్తాను?" అన్నారు.

డాక్టరుగారు చూసి మండిపడ్డారు. నకలు పంపనన్నారు. సోమవారం మదార్‌గారు సెలవు చీటీ పెట్టి, తన చేత్తో రాసుకున్న నకలు జేబులో పెట్టుకుని, ఏలూరు వెళ్లి జిల్లా మెడికల్ ఆఫీసరుగారి కచేరీలో ఇచ్చి వచ్చారు. తిరిగి వచ్చాక కూడా ఆయన నిలకడగా లేరు. ఇచ్చింది చేరిందో లేదో, చదువుతారో చించుతారో అని ప్రతి బండి చప్పుడుకూ వాకిట్లోకి పరిగెత్తేవారు.

పన్నెండో రోజున ఆఫీసరుగారు స్వయంగా వచ్చారు. అరవదేశపు పెద్దమనిషి. తెలుగు తడుముకుంటూ మాట్లాడినా, అడగవలసింది అడిగేవారు. వరండాలో బల్ల వేయించి, డాక్టరుగారినీ, మదార్‌గారినీ, నన్నూ, లంక నుంచి పెద్దింటయ్యనూ, వాళ్ల పెద్దలిద్దరినీ నిలబెట్టారు. పుస్తకం తెరిచి, ముందు నన్ను అడిగారు.

"నర్సు, ఈ మనిషి చెప్పింది మీరు విన్నారా?"

డాక్టరుగారు నేల చూస్తున్నారు. "విన్నానండి. పొడుగు సీసా పెద్దోడిది, పొట్టి సీసా చిన్నోడి పెళ్లానిది అన్నాడండి" అన్నాను. పెద్దింటయ్య తలపాగా తీసి ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి. లంక పెద్దలు ఒకరినొకరు చూసుకున్నారు.

తర్వాత ఏమైందో ముందే చెప్పేస్తాను, దాచిపెట్టి ఊరించడం నాకు చేతకాదు. పెద్దింటయ్యకు వేసిన శిక్షను లంక పెద్దలు ఆ సాయంత్రమే తీసేశారు. నెల తిరక్కుండా రెండు పెట్టెల నీలం సీసాలు వచ్చాయి. డాక్టరుగారిని జంగారెడ్డిగూడెం వైపు మార్చారు. మదార్‌గారిని తీసేశారు. ఆయన తాడేపల్లిగూడెంలో ఒక మందుల కొట్లో సీసాలు కడిగే పనికి చేరి, పోయేదాకా అక్కడే చేశారు. ఒకసారి వెళ్లి చూశాను. నన్ను చూసి సంతోషించారు. ఆ సంగతి మాత్రం ఇద్దరం ఎత్తలేదు.

ఆ వరండాలో ఇంకొకటి జరిగింది. అది చెప్పడానికే ఇదంతా రాశాను.

ఆఫీసరుగారు కలం మూయబోతూ ఆగి, మదార్‌గారిని అడిగారు. "ఇరవై రెండేళ్ల సర్వీసు. ఇదే మొదటి పొరపాటా?"

అవునంటే సరిపోయేది. ఆయన మంచితనం చూసి ఉద్యోగం నిలిపేవారేమో కూడా. మదార్‌గారు చేతులు కట్టుకుని నిలబడి, "కాదండి. నాలుగోది. రాసింది ఇదే మొదటిది" అన్నారు.

ఆయన ఒక్కొక్కటే చెప్పారు. ఒకాయనకు మోతాదు ఎక్కువైన నల్లమందు చుక్కలు. ఒకామె కంటిలో పడిన పొరపాటు మందు. ఇరవై నాలుగులో నూకాలమ్మ అని నాలుగేళ్ల పిల్ల. పిల్లకని కడుపులో నులిపురుగులకు వేసే మందు తల్లి చేతికి ఒకసారి, నాయనమ్మ చేతికి ఒకసారి, రెండుసార్లు ఇచ్చేశారు. పిల్ల పోయింది. అప్పటి డాక్టరు జ్వరమని రాసుకున్నాడు. "ఎవరూ అడగలేదండి. నేను చెప్పలేదండి" అన్నారు. ఆ పిల్ల ఇల్లు ఎక్కడో, ఆ రోజు ఏ వారమో కూడా చెప్పారు. ఆఫీసరుగారు అన్నీ రాసుకున్నారు.

రాసుకోవడం అయ్యాక ఆయన నావైపు తిరిగారు. మర్యాదగానే అడిగారు.

"మీకు ఐదేళ్లు. మీకేమైనా ఉన్నాయా, నర్సు?"

మదార్‌గారు నావైపు చూశారు. నన్ను చెప్పమని కాదు. ఆయనకు తెలియదు. ఎవరికీ తెలియదు.

"లేవండి" అన్నాను.

ఆయన అదీ రాసుకుని కలం మూశారు. ముప్పై ఏళ్లు ఉద్యోగం చేశాను. మంచి పేరు తెచ్చుకుని, పూలదండ వేయించుకుని రిటైరయ్యాను.

ఇప్పుడు రాస్తున్నాను. ముప్పై మూడో సంవత్సరం, మార్గశిరమాసం. వరమ్మ మొదటి కాన్పు, మగబిడ్డ. అదే రోజు ఇంకో పురుటికి పిలుపొచ్చింది, తొందరలో ఉన్నాను. ఎనిమిదో రోజున బిడ్డ దవడలు బిగుసుకుపోయి చనిపోయాడు. గాలి సోకిందని ఊళ్లో అన్నారు, నేను అవునన్నాను. బొడ్డు కోసిన కత్తెర నేను మరిగించలేదు.